పెరుగుటలో నిలుపుకొనవలసినది

గోదావరి చెంతనున్న ఆత్రేయపురమున పూతరేకు వేయు స్త్రీ పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, ఆమె చేతులకన్న ముందుగా చూపును గమనింపవలెనని నా అభిప్రాయము. బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరాకుల మంట ఎడతెగక మండుచుండును. ప్రక్కనున్న పళ్లెములో, జయ బియ్యమును నానబెట్టి మెత్తగా రుబ్బి పలుచన చేసిన పిండి యుండును. సన్నని గుడ్డను అందులో ముంచి, రెండు చేతులతో చాచిపట్టి, కుండ వీపుమీద ఒక్కమారు పరచి లాగివేసినంతనే, ఆవలి వస్తువు కానవచ్చునంత పలుచని పొర యొకటి ఆరి అంచు పైకి లేచును. ఆ అంచును పట్టి రేకును ఒలుచుచుండగనే ఆమె చూపు మంటమీదికి మరలును. వేడి హెచ్చెనా రేకు పెళుసై విరుగును, తగ్గెనా కుండను వదలి రాదు. ఈ రెంటి నడుమనున్న హద్దును తెలుపు యంత్రమేదియు అచ్చట లేదు.

ఇట్టి పని ఒక యింటి అక్కరకే జరిగినంతకాలము నాణ్యమును గూర్చి ప్రత్యేకముగా చింతింప పనిలేదు. చేసినవారును, తిన్నవారును, బాగులేదని మొగముమీద చెప్పగలవారును ఒకే వసారాలో నుందురు. వ్యాపారము విస్తరిల్లిన కొలది ఈ మువ్వురును ఒకరికొకరు దూరమగుదురు. రేకు వేయునది ఒక యిల్లు. దానిని కొని నేయి పూసి, పంచదార పొడియో బెల్లపు కోరో చల్లి చుట్టునది వేరొక అంగడి. పెట్టె విప్పి తినువారు హైదరాబాదుననో, సముద్రములకు ఆవలనో నుందురు. చిన్న వ్యాపారములు పెద్దవగుచు చెడిపోవుటకు యజమానుల దురాశయే కారణమని లోకమనును గాని, నేను దానిని పూర్తిగా అంగీకరింపజాలను. ధర్మబుద్ధి గలవారి సరుకు సైతము తగ్గిపోవుట మనము చూచుచునే యున్నాము. తినువాని నోట పుట్టిన అసంతృప్తి పొయ్యి దగ్గరకు చేరు మార్గము మూసికొనిపోవుటయే మూలకారణమని నా నమ్మకము.

కావున నడుమనున్న మనిషిని చూడవలెను. పూతరేకును చుట్టుటకు ముందు దానిపై తడిగుడ్డ అద్దుదురు; పెళుసుగానున్న రేకు ఆ తేమకు మెత్తబడి మడతకు లొంగును. మందముగా వచ్చిన రేకును చుట్టునామె వ్రేళ్లు అప్పుడే పోల్చుకొనగలవు. అది నోట కరగక అంగిటికి అంటుకొనునని ఆమెకు తెలియును. తెలిసిన ఆమెకు ఆ రేకును ప్రక్కన పెట్టు అధికారమున్నదా? సంక్రాంతికి ముందు, పెండ్లిండ్ల దినములలో, గిరాకీ గుమ్మమున నిలిచియున్నప్పుడు, “ఈమారుకు కానీయవమ్మా” అను ఒక్కమాట చాలును, అంతవరకు కాపాడుకొన్న కట్టుబాటు సడలుటకు.

ఈ విషయమున నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచినది లిజ్జత్ అప్పడముల చరిత్ర. 1959 మార్చి 15వ తేదీన బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో ఆ పనికి పూనుకొనిరి. తొలినాళ్లలో రెండు రకముల అప్పడములు చేసి, నాసిరకమును తక్కువ ధరకు అమ్ముచుండగా, వారికి పెద్దదిక్కుగా నిలిచిన ఛగన్‌లాల్ పారేఖ్ ఒకే ప్రమాణమున చేయుడని, దానిని ఎన్నడును తగ్గింపవలదని హితవు చెప్పెను. మొదటి ఏడు వానకాలమున అప్పడములు ఎండకపోవుటచే నాలుగు నెలలు పనినే ఆపివేసిరి. మరుసటి ఏడు మంచముమీద అప్పడములు పరచి, దానిక్రింద పొయ్యి పెట్టి ఆరబెట్టుకొనిరి. ఎండని సరుకు అమ్ముటకన్న రాబడి లేక కూర్చుండుటయే మేలని ఎంచిన ఆ నాలుగు నెలలకు నేను నమస్కరింతును. తరువాత వేలాది స్త్రీలు చేరినను, పిండి కలుపుట మాత్రము ఆయా కేంద్రములందే జరుగును. సభ్యురాండ్రు దానిని ఇంటికి కొనిపోయి, ఒత్తి, ఆరబెట్టి తెచ్చి అప్పగింతురు. అచ్చట తూచి, పరీక్షించి పుచ్చుకొందురు. రుచి నిర్ణయమగు చోటు చెదరలేదు. కంటికి, త్రాసుకు దొరకు పని మాత్రమే ఇండ్లకు పోయినది.

పూతరేకు సంగతి ఇందుకు విపర్యయము. మిక్కిలి నేర్పు కోరు పనియే ఇండ్లలో నున్నది. దానిని ఒకచోట చేర్చుటయు సులభముగాదు, అట్లు చేర్చినచో ఆ స్త్రీల స్వాతంత్ర్యమునకు మేలగునని నేను చెప్పజాలను. 2023లో ఈ తీపికి లభించిన భౌగోళిక గుర్తింపు, ఆ పేరును ఇతర ప్రాంతములవారు వాడుకొనకుండ కాపాడును గాని, ఊరిలోపల మందమైన రేకును అది ఆపదు. ఆపవలసినవారు రేకులను కొను అంగడివారే. త్రోసివేసిన రేకుల నష్టమంతయు వేసినామెపై పడినచో ఆమె వానిని మంచి రేకుల నడుమ దాచి ఇచ్చును. అంతయు అంగడిపై పడినచో అంగడి చూచియు చూడనట్లుండును. ఇరువురును పంచుకొనునట్లు ముందే మాట యనుకొని, ఏ కట్ట ఏ యింటినుండి వచ్చినదో గుర్తు పెట్టుకొని, చెడినది ఆనాడే చూపి, మంటదో పిండిదో దోషమును కలిసి వెదకుట మేలు. గిరాకీ పెరిగినప్పుడు ఉన్న చేతులను తొందరపెట్టుటకు మారుగా, నేర్చుకొనదలచిన పడుచులను నేర్పరియైన స్త్రీ పొయ్యి ప్రక్కన కూర్చుండబెట్టి, వారు పాడుచేయు రేకులకును, నేర్పునామె వెచ్చించు పొద్దుకును అంగడివారు కూలి కట్టియియ్యవలెను. వారి చేయి కుదురువరకు కొత్త బేరములు ఒప్పుకొనరాదు.