ఈపూట కూరేమిటి?

ఆశ్రమాల్లో ఈ మాట ఎవరూ అడగరు. గంట కొడితే కంచం పట్టుకుని వరసలో నిలబడడమే. చెన్నైలో ‘ది బాన్యన్’ సంస్థ నడిపే ‘హోమ్ ఎగైన్’ ఇళ్ల గురించి చదువుతుంటే నా మనసు ఇక్కడే ఆగిపోయింది. అక్కడ కూర సంగతి ఆ ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు.

మానసిక జబ్బుతో రోడ్డునపడ్డ ఆడవాళ్ల కోసం వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో ఆ సంస్థ పెట్టారు. కోలుకున్నాక చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోయారు. వెళ్లడానికి ఊరే లేనివాళ్లు, ఇంటివాళ్లు రానివ్వనివాళ్లు మిగిలారు. జబ్బు నెమ్మదించినా వార్డులోనే ముసలివాళ్లయిపోవాలా? అందుకే 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. ఇంటికి నలుగురైదుగురు, వాళ్లకు సాయంగా ఒక మనిషి.

ఆ సాయం మనిషి పని చాలా చిత్రమైనది. వంకాయలు తనే తరిగేస్తే చిటికెలో వంట అయిపోతుంది. కానీ ఏళ్ల తరబడి ఎవరో పెట్టింది తిన్నావిడ బజారుకెళ్లి, పుచ్చులు చూసి ఏరి, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేదాకా తను ఊరికే పక్కన నిలబడాలి. మందులు తప్పిపోకుండా చూడాలి, నిద్ర చెడుతోందంటే ముందే పసిగట్టాలి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లాలి. అయినా పెత్తనం చేయకూడదు. (మన ఇళ్లలో అత్తగార్లకే చేతకాని విద్య ఇది!)

ఇల్లు లేనివాళ్ల కోసం నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. వానలో, చలిలో షెల్టరు ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ రాత్రికి చాప దొరకడం వేరు, తలుపుకు తాళం వేసుకోవడం వేరు. ఫిన్లాండులో 2008 నుంచి ఇల్లు లేనివాళ్లకు అద్దె ఒప్పందం ముందు చేతిలో పెడుతున్నారు. తాగుడు మానిన తర్వాత రమ్మనడం లేదు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, ఇల్లూ కుటుంబమూ లేవన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదంటోంది.

చట్టం సరే, ఇల్లెవరిస్తారు? ఉద్యోగం చేసుకునే ఇద్దరు ఆడపిల్లలు టు-లెట్ బోర్డు చూసి వస్తేనే మన ఓనర్లు కులం, తిండి, వచ్చేపోయేవాళ్లు అంటూ ఆరా తీస్తారు. ఇక పిచ్చాసుపత్రి నుంచి వచ్చిన నలుగురికి ఇమ్మంటే? గడప గడపకూ తిరిగి ఒప్పించడమూ ఈ పనిలో భాగమే. పైవాటా ఖాళీగా ఉన్న ఓనర్లు ఈ కాలమ్ చదివేవాళ్లలోనూ ఉండే ఉంటారు.