మన రక్తం ఎవరి జ్ఞానం?

కీళ్లవాతం మీద జరిగే జన్యు పరిశోధనల్లో ఈమధ్య ఒక మాట తరచుగా కనిపిస్తోంది: 'తక్కువగా అధ్యయనం జరిగిన జనసమూహాలు'. లోకంలోని ఆదివాసులందరూ ఆ జాబితాలోకే వస్తారు. మాట సానుభూతిగానే ఉంది. కానీ ఎవరి కోసం అధ్యయనం, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నను అది దాటవేస్తుంది.

ముందుగా న్యాయం చెప్పాలి. లోటు నిజమే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే కీళ్ల మీద తిరగబడే జబ్బు. ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది. 2014లో లక్ష మందికి పైగా జన్యువులను పరిశీలించి, ఈ జబ్బుతో ముడిపడ్డ 101 స్థానాలను గుర్తించారు. ఆ మనుషులు యూరప్, తూర్పాసియా మూలాలవాళ్లు. ఒకచోట తేలింది మరోచోట పనికిరాకపోవచ్చు. యూరోపియన్లలో ముఖ్యమైన పీటీపీఎన్22 జన్యుమార్పు జపాన్‌లో దాదాపు లేదు. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులో కూడా యూరోపియన్లకు ముప్పు తెచ్చే రకం వేరు, ఉత్తర అమెరికా ఆదివాసీ తెగల్లో కనిపించేది వేరు. కాబట్టి పరిశోధన వద్దనడం మన వాదన కాదు.

మన వాదన ఏమిటో కెనడాలోని నూచానుల్త్ ప్రజల అనుభవం చెబుతుంది. వాంకూవర్ దీవిలోని ఈ ఆదివాసుల్లో కీళ్లవాతం ఎక్కువ. 1980లలో రిచర్డ్ వార్డ్ అనే జన్యుశాస్త్రవేత్త కారణం వెతుకుతానంటే 883 మంది రక్తమిచ్చారు. ఆశించిన జన్యు కారణం దొరకలేదు. ఆయన ఉద్యోగం మారినప్పుడల్లా రక్తం కూడా ఆయన వెంట యూటాకు, ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లింది. ఆ తెగ పూర్వీకులు ఎక్కడివారు, ఎలా వలస వచ్చారు అన్న పరిశోధనలకు దాన్ని వాడారు. ఇచ్చినవాళ్లను అడగలేదు. ఆయన చనిపోయాక, 2004లో రక్తం తిరిగి వచ్చింది. నొప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

వీళ్లను 'తక్కువగా అధ్యయనం జరిగినవాళ్లు' అనగలమా? అధ్యయనం జరిగింది. జ్ఞానం వాళ్ల గుమ్మం దాకా రాలేదు, అంతే.

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో వేల మంది ఆడపిల్లలకు సూదులు వేశారు. వాళ్లలో చాలామంది మన పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. జబ్బు వేరు, దేశం వేరు. మన సమ్మతిని చూసిన చూపు ఒక్కటే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మీ రక్తంలోనే ఉంది' అన్న మాట వైద్యం అందించని తప్పును కప్పేస్తుంది. ముప్పు జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు రానేరాదు. అదే జన్యువు ఉన్నవాళ్లు పొగ తాగితే ముప్పు బాగా పెరుగుతుంది. జబ్బును తొలినాళ్లలోనే గుర్తించి మెథోట్రెక్సేట్ వంటి చవక మందు ఇస్తే వేళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపవచ్చు. పొద్దున్నే గంటసేపు చేతులు బిగుసుకుపోయే అమ్మకు ముందు కావాల్సింది జన్యుపటం కాదు, దగ్గరలో డాక్టరు.

నూచానుల్త్ అనుభవం వంటివాటి తర్వాత కెనడా 2007లో కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ఆదివాసులిచ్చిన నమూనా పరిశోధకుడి సొత్తు కాదు, అతని దగ్గర అప్పుగా ఉన్నదేనని వాటి సారం. మన భాషలో చెప్పాలంటే చేబదులు. తీసుకున్నవాడు లెక్క చెప్పాలి, వేరే పనికి వాడాలంటే మళ్లీ అడగాలి.

ఇప్పుడు సికిల్ సెల్ పరీక్షల కోసం మన గూడేలకు వస్తున్నారు. అవి అవసరమే, చేయించుకుందాం. అయితే టీచర్లు, చదువుకున్న పిల్లలు ముందు నిలబడి అడగాలి: దేనికి తీసుకుంటున్నారు? మిగిలింది ఎక్కడ, ఎన్నాళ్లు దాస్తారు? ఫలితం మాకు మా భాషలో ఎప్పుడు చెబుతారు? జవాబు వచ్చాకే వేలిముద్ర.