ఓడే జట్టు లెక్కల పుస్తకం

2022 జనవరిలో ఒక రాత్రి. గోదావరిఖనిలో మా చిన్నాయిన ఇంట్లో ఏడుగురం టీవీకి అతుక్కుపోయి ఉన్నాం. కోవిడ్ వల్ల ఆ సీజన్ ప్రొ కబడ్డీ మొత్తం బెంగళూరులో, ప్రేక్షకులు లేకుండానే నడుస్తోంది. తెలుగు టైటాన్స్ జైపూర్ పింక్ పాంథర్స్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించింది. వరసగా ఓటములూ టైలూ చూసి చూసి ఉన్న మేము ఎగిరి గంతేశాం. రెండు వందల పేజీల నోటుబుక్ నా ఒళ్ళోనే ఉంది. ‘గెలిచినం’ అని పెద్ద అక్షరాలతో రాయబోతుంటే చిన్నాయిన చెయ్యి పట్టుకుని ఆపాడు.

“గెలిచినమని రాయకురా. ఎట్ల గెలిచినమో రాయి.”

టైటాన్స్‌కు ఆ సీజన్‌లో అదే మొదటి గెలుపు. తర్వాత ఇంకోటి రాలేదు కాబట్టి చివరిది కూడా అదే. మేము నోటుబుక్కును నోటుబుక్కులా రాయడం మొదలైంది మాత్రం ఆ మాటతోనే.

ముందులెక్క, వెనకలెక్క

మా పద్ధతికి రెండు భాగాలు. ఆటకు ముందు రాసేది ముందులెక్క, ఆట ముగిశాక రాసేది వెనకలెక్క. బయట దీన్నే ఫాంటసీ అంటారు. బరిలో ఆడేవాళ్ళలోంచి మనకు నచ్చిన జట్టు కట్టుకుంటాం. మనవాళ్ళు నిజంగా తెచ్చిన పాయింట్లే మన పాయింట్లు. కెప్టెన్‌గా ఎంచుకున్నవాడి పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మీద వారం వారం నడిచే ఫాంటసీలోనూ కెప్టెన్‌కు రెట్టింపే. అక్కడ పదిహేను మందిని ఎంచుకోవాలి, మేము ఏడుగురినే ఎంచుకుంటాం.

మేము కలుపుకున్న నియమాలు రెండు. ఏడుగురిలో కనీసం ముగ్గురు టైటాన్స్ వాళ్ళు ఉండాలి. ప్రతి పేరు పక్కన ఒక వాక్యంలో కారణం రాయాలి. కారణం లేని పేరుకు పాయింట్లు లేవు. డబ్బు లేదు, పందెం లేదు. గెలిచినవాళ్ళకు దక్కేది, వచ్చే వారం దాకా నోటుబుక్ ఇంటికి తీసుకుపోయే హక్కు. ఆదిలాబాద్ నుంచి మా బావ సాయంత్రం ఆరింటికల్లా ఫోన్లో తన ఏడుగురి పేర్లు, కారణాలు చెబుతాడు. నేను రాసుకుంటాను.

ఎప్పుడూ ఓడే జట్టులోంచి ముగ్గురిని తీసుకోవాలంటే మొదట్లో శిక్షలాగే ఉండేది. కానీ కబడ్డీని మాకు నేర్పింది ఆ నియమమే. ఆరుగురు చేతులెత్తేసిన చోట ఏడోవాడు ఏం చేస్తున్నాడో వెతికి చూడక తప్పదు కదా.

కూతల లెక్క

ముందులెక్కలో మొదటి గడి కూతలది, అంటే రైడ్‌లది. ఆట నలభై నిమిషాలు, కూతకు ముప్పై సెకన్లు. అంటే రెండు జట్లకూ కలిపి ఎనభై కూతల దాకా, ఒక్కో జట్టుకు నలభై దాకా వస్తాయి. ఆ నలభైలో ఎవరు ఎన్నింటికి పోతున్నారన్నది మొదటి ప్రశ్న. బలమైన జట్టులో ముగ్గురు రైడర్లు పంచుకుంటారు. బలహీనమైన జట్టులో సగానికి సగం ఒక్కడి మెడకే పడతాయి. అందుకే ఓడే జట్టు ప్రధాన రైడర్‌కు కూడా పాయింట్లు దండిగా వస్తుంటాయి. జట్టు ఓడిందని ఆ రైడర్‌ను పక్కన పెట్టడం కొత్తగా ఆడేవాళ్ళు చేసే తప్పు.

రెండో గడి బెంచీది. చిన్నాయిన దీన్ని అందరికంటే ముందు పట్టుకున్నాడు. రైడర్ దొరికిపోతే బయట కూర్చోవాలి. తన జట్టు ఎదుటివాళ్ళలో ఒకరిని అవుట్ చేస్తే తప్ప మామూలుగా లోపలికి రాడు. అంటే రైడర్ మళ్ళీ బరిలోకి రావడం డిఫెన్సు చేతుల్లో కూడా ఉంటుంది. డిఫెన్సు అంచుల్లో ఉండే కార్నర్లు, లోపలివైపు ఉండే కవర్లు పట్టు దొరకక నిలబడితే, ఎంత గొప్ప రైడరైనా బెంచీ మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చోవాల్సిందే. “రైడర్‌ను జూసి రైడర్‌ను తీస్కోకురా. వాని ఎనుక నిలబడ్డ కార్నర్‌ను జూసి తీస్కో” అంటాడు చిన్నాయిన. ఆ మాట విన్నప్పటి నుంచి మేము రైడర్ ఎన్ని నిమిషాలు బయట కూర్చున్నాడో వాచీ పెట్టి చూస్తున్నాం. టీవీ స్కోరుబోర్డు మీద కనిపించని అంకె అది. మా పుస్తకంలో ఎక్కువ విలువైన అంకె కూడా అదే.

మూడో గడి సూపర్ ట్యాకిల్‌ది. బరిలో ముగ్గురు గాని అంతకంటే తక్కువమంది గాని మిగిలినప్పుడు ఎదుటి రైడర్‌ను పట్టేస్తే ఒకటికి బదులు రెండు పాయింట్లు. ఓడే జట్టు ఈ పరిస్థితికి తరచూ వస్తుంది. అందుకని ఆలవుట్ అంచున ఒంటరిగా నిలబడి, భయపడకుండా చీలమండ అందుకునే కార్నర్ ఫాంటసీలో బంగారం. జట్టు పట్టికలో అట్టడుగున ఉన్నా అతని పేరు మా ఏడుగురిలో ఉంటుంది.

నాలుగోది జోడీల గడి. ఈ రైడర్ ఎటువైపు ఎక్కువ పోతాడు, అటువైపు కార్నర్ ఎవరు, ఆ పక్క కవర్‌తో అతనికి చేతి పట్టు కుదిరిందా లేదా? రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డై కూతకు ఎవరిని పంపుతున్నారు? బోనస్ గీతకు ఎవరు కాలు చాపుతారు? ఆరుగురు గాని ఏడుగురు గాని ఎదురుంటేనే బోనస్. ఎదుటి జట్టు నిండుగా ఉన్నంతసేపే ఆ పాయింట్లు అందుతాయి. ఇవన్నీ ఆటకు ముందే రాయాలి. ఆట చూశాక రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

తిట్టు కాదు, కారణం

వెనకలెక్క రాయడం ఇంకా కష్టం. ఓటమి వేడి మీద పెన్ను పట్టుకుంటే తిట్లే వస్తాయి. అందుకని రాత్రి రాయం, తెల్లారి రాస్తాం. ముందు రాసిన ప్రతి వాక్యం పక్కన ‘అయింది’, ‘కాలేదు’ అని పెట్టి, కాలేదంటే ఎందుకు కాలేదో ఒక్క వాక్యం. ‘చెత్తగా ఆడాడు’ అన్నది కారణం కిందికి రాదు. ‘మొదటి సగంలో తొమ్మిది నిమిషాలు బెంచీ మీదే ఉన్నాడు’ అన్నది కారణం. చివరి ఐదు నిమిషాల్లో వచ్చిన పాయింట్లను విడిగా రాస్తాం. పదిహేను పాయింట్ల ముందంజలో ఉన్న జట్టు కాలక్షేపం చేస్తున్నప్పుడు దొరికే పాయింట్లు మన లెక్కను పెంచుతాయి గాని, ఆటగాడి గురించి మనకేమీ చెప్పవు. వాటిని నమ్మి వచ్చే వారం జట్టు కడితే బోర్లా పడతాం.

సీజన్ ముగిశాక పెద్ద వెనకలెక్క ఒకటుంటుంది. టైటాన్స్ మూడు చీకటి సీజన్లు అక్కడ పక్కపక్కన ఉన్నాయి. ఆ ఒక్క గెలుపు వచ్చిన ఎనిమిదో సీజన్‌లో 22 ఆటలకు 1 గెలుపు, 4 టైలు, 17 ఓటములు. 2022లో జరిగిన తొమ్మిదో సీజన్‌లో 2 గెలుపులు, 20 ఓటములు. 2023–24 పదో సీజన్‌లో 2 గెలుపులు, 1 టై, 19 ఓటములు. మొత్తం 66 ఆటలకు 5 గెలుపులు. పైకి చూస్తే మూడూ ఒక్కలాంటి ఓటములే.

కానీ పట్టిక పాయింట్లను వెనక్కి విప్పితే వేరే కథ బయటపడుతుంది. అప్పట్లో గెలుపుకు 5 పాయింట్లు, టైకి 3, ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడితే 1. ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్‌కు మొత్తం 27 పాయింట్లు వచ్చాయి. గెలుపుకు 5, టైలకు 12 తీసేస్తే మిగిలేది 10. అంటే 17 ఓటముల్లో 10 ఏడు పాయింట్లలోపువే! తొమ్మిదో సీజన్‌లో వచ్చింది 15. గెలుపుల 10 తీసేస్తే మిగిలేది 5. అంటే 20 ఓటముల్లో దగ్గరి ఓటములు ఐదే. గెలుపులు ఒకటి నుంచి రెండుకు పెరిగినా జట్టు నిజానికి ఇంకా కిందికి జారింది. పదో సీజన్‌లో 21 పాయింట్లలో దగ్గరి ఓటములవి 8.

ఈ కూడికలు, తీసివేతలు వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదో సీజన్ జట్టును మేమంతా నోటికొచ్చినట్టు అన్నాం. ఆ జట్టు పది సార్లు గడప దాకా వచ్చి ఆగిపోయింది. అది తెలియకుండానే తిట్టాం.

ఒక్కడి మీద భారం

పదో సీజన్ వేలంలో టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది రికార్డు ధర. వారం వారం అందరి కెప్టెన్ గడిలో పవనే. మా ఫాంటసీ పాయింట్లు పెరిగాయి, జట్టుకు మాత్రం రెండు గెలుపులే. పుస్తకంలో ఒకే కారణం పేజీ తర్వాత పేజీ తిరిగి కనిపిస్తుంది: పవన్ బయట, జట్టు ఆగింది.

తర్వాతి సీజన్‌కు కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. మేము నోటుబుక్ మూసేద్దామనుకున్నాం. కానీ విజయ్ మాలిక్ ముందుకొచ్చాడు, కూతలు పంచుకునేవాళ్ళు తయారయ్యారు. 22 ఆటల్లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్‌గా ప్లేఆఫ్స్‌కు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో ఆగారు. కూతలు ఎంతమంది మధ్య పంచుకుంటున్నారో చూపే మా మొదటి గడి ఈ మార్పును గెలుపుల కంటే ముందే చూపించింది. మేమే దాన్ని సరిగా చదవలేదు.

పుట్టుక కూడా ఓటమి పక్కనే

ఫాంటసీ ఫుట్‌బాల్ పుట్టిన తీరు తెలిసినప్పుడు మా ఇంట్లో అందరికీ సంబరమైంది. 1962లో అమెరికాలో ఓక్లండ్ రైడర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు 14 ఆటల్లో ఒక్కటే గెలుపు. ఆ జట్టులో చిన్న వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, జట్టు ప్రచార ఉద్యోగితో, ‘ఓక్లండ్ ట్రిబ్యూన్’ విలేకరితో కలిసి న్యూయార్క్ హోటల్లో కూర్చుని ఈ ఆటకు నియమాలు రాశాడు. మరుసటి ఏడాది ఎనిమిది జట్లతో మొదటి ఆటగాళ్ళ ఎంపిక జరిగింది. అదే 1963లో రైడర్స్ 14లో 10 ఆటలు గెలిచారు. ఇరవై రెండు ఆటల్లో ఒక్కటే గెలిచిన జట్టును పట్టుకుని మేము నోటుబుక్ రాసింది వింత పనేమీ కాదన్నమాట. ఆ పని అట్లాంటి జట్టు పక్కనే మొదలైంది.

డబ్బు తాకితే

పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా ఆ తలుపు మూసింది. మా వీధిలో పందెం యాప్‌లలో జీతం జీతమంతా పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లుల ముఖాలు చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: డబ్బు పెట్టినవాడు ఆటను చూడలేడు. వాడి కంటికి తన ఏడుగురి అంకెలే కనిపిస్తాయి. ఓడితే ఆటగాడి మీద కోపం వస్తుంది, కారణం మీద ఆసక్తి రాదు. డబ్బు తీసేస్తే మిగిలేది చూపు. వారం పాటు ఒక జట్టును గమనించి, ఇలా జరుగుతుందని ముందే మాట ఇచ్చి, అది తప్పితే తప్పిందని నలుగురి ముందు ఒప్పుకునే అలవాటు. బళ్ళో గాని, ఆఫీసులో గాని, ఇంట్లో గాని ఇంత తేలిగ్గా దొరికే అలవాటు కాదది.

గెలిచే జట్టు దగ్గర ఈ పాఠం దొరకదు. గెలుపు తప్పులను కప్పేస్తుంది. కార్నర్ తడబడినా, రైడర్ బెంచీ మీదే కూర్చున్నా, చివరికి స్కోరు బాగుంటే ఎవరూ అడగరు. ఓడే జట్టు ఏదీ దాచుకోలేదు.

మట్టి బరిలో

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో సంక్రాంతికి కబడ్డీ బరులు లేస్తాయి. రాళ్ళు ఏరి, నేల తవ్వి మెత్తన చేసి, సున్నంతో గీతలు గీస్తారు. ఈ రెండు పట్టణాల్లో ప్రభుత్వ క్రీడా పాఠశాలలూ ఉన్నాయి. కూతకు పోయే పిల్లలకు ఇక్కడ కరువు లేదు.

పోయిన చలికాలం మా పక్కింటి పాప, తొమ్మిదో తరగతి, నోటుబుక్ అడిగింది. టైటాన్స్ గురించేమో అనుకుని ఇచ్చాను. వారం తర్వాత తెచ్చిచ్చింది. చివరి పేజీల్లో మా గడులే ఉన్నాయి. పేర్లు మాత్రం వాళ్ళ బడి జట్టు అమ్మాయిలవి. మూడు ఆటలు వరసగా ఓడారట. కూతల గడిలో ఒక్క పేరు పక్కనే అంకెలు గుంపుగా ఉన్నాయి, బెంచీ గడిలోనూ ఆ పేరుదే పెద్ద అంకె. కింద పెన్సిల్‌తో రాసుకుంది: ‘అక్క బయట ఉన్నప్పుడు మేము కూతకు పోతలేము. భయమైతుంది. ఈసారి నేను పోత.’

చిన్నాయిన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీని రెండుసార్లు చదివాడు. పెన్సిల్ అందుకుని, ఆ వాక్యం పక్కన ‘అయింది’, ‘కాలేదు’ అని రాసుకోవడానికి ఒక ఖాళీ గడి గీసి, నోటుబుక్ తిరిగి పాప చేతికే ఇచ్చాడు.