సగంలో ఆగిన ఫారం

ఒకామె ఫోన్‌లో పంట రుణం దరఖాస్తు నింపుతోంది అనుకోండి. పేరు, ఊరు, సర్వే నంబరు కొట్టింది. ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లింది. ర్యామ్ తక్కువున్న ఫోనైతే, ఆ కాసేపట్లోనే ఆండ్రాయిడ్ జాగా కోసం మన యాప్‌ను మెమరీలోంచి తీసేయొచ్చు. తిరిగొచ్చేసరికి గడులన్నీ ఖాళీ! ఆమె మళ్లీ మొదటి నుంచి కొడుతుందని నేననుకోను.

యాప్‌లు రాసే పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, కొట్టింది ఇలా పోకుండా చూడడమే. ఫోన్ అడ్డంగా తిప్పినా, మనం వేరేలా చెప్పకపోతే, సిస్టమ్ ఆ స్క్రీన్‌ను కూల్చి కొత్తగా కడుతుంది. స్క్రీన్‌లోని సమాచారాన్ని పట్టి ఉంచే వ్యూమోడల్ తిప్పడాన్ని తట్టుకుంటుంది. యాప్ ప్రాసెసే మెమరీలోంచి పోతే మాత్రం అదీ పోతుంది. కొట్టిన ప్రతి అక్షరాన్నీ సేవ్డ్ స్టేట్‌లోనో డేటాబేస్‌లోనో దాచాల్సిందే. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అని ఒకటుంది. అది ఆన్ చేసి, బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్ ప్రాసెస్‌ను కూడా చంపి చూడకుండా యాప్ విడుదల చేయడం వాడేవాళ్లకు అన్యాయం చేయడమే.

2007 నవంబరులో ప్రకటించిన ఆండ్రాయిడ్‌కు అడుగున లైనక్స్ కెర్నెల్ ఉంది. పైనున్న కోడ్‌లో చాలా భాగం అపాచీ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది. ఏ కంపెనీ అయినా తీసుకుని మార్చుకోవచ్చు కాబట్టే చవక ఫోన్లు ఇన్ని ఇళ్లకు చేరాయి. మా టేబుల్ మీది ఖరీదైన ఫోన్‌లో బాగా నడిస్తే సరిపోదన్నదీ అందుకే.

ఇక తెలుగు. ‘రాష్ట్రం’ అని రాస్తే వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా ఎత్తు బిగించిన బటన్‌లో అవి తెగిపోతాయి. బటన్‌కు ఎత్తు బిగించకుండా అక్షరాలను బట్టి పెరగనివ్వాలి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9తో, అసలు ఫాంటులో లేని లిపికి వేరే ఫాంటు వాడాల్సి వచ్చినప్పుడు దాని కొలతను బట్టి వరుస ఎత్తు పెరిగే ఏర్పాటూ వచ్చింది. ఆ లెక్క ఎలా వేస్తారో ఎవరినీ అడగక్కర్లేదు, ఆండ్రాయిడ్ కోడ్‌లోని స్టాటిక్‌లేఅవుట్ ఫైలు తెరిస్తే కనిపిస్తుంది. కాలేజీలో యాప్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఆ ఒక్క ఫైలైనా చదవాలని నా కోరిక. మన లిపికి ఇంకా ఎక్కడ ఇబ్బంది ఉందో కనిపెట్టి, సవరణ రాసి పంపే దారి వాళ్లకూ తెరిచే ఉంది.