ఇరవై ఏండ్ల తరువాత మహీనుని గుర్రాలు

వంగదేశం నుండి తెలుగునాటికి నవల వచ్చినంత తేలికగా పాట రాలేదు. శరత్ బాబును తెలుగు రచయితయే అనుకొన్న పాఠకులు ఇక్కడ ఒక తరం ఉన్నారు. రవీంద్రుని కవిత్వం ఎన్ని చేతుల మీదుగా తెలుగైనదో లెక్కపెట్టటం కష్టం. కానీ ఆ కవిత్వమే అక్కడ పాటయై ఇంటింటా ఎట్లు మెలగుతున్నదో, ఆ పాట నీడలో తరువాతి తరం పాటగాండ్రకు ఎండ తగలటం ఎంత కష్టమైనదో, అనువాద గ్రంథాలవల్ల తెలియదు. ఆ సంగతి తెలియనిదే "మహీనేర్ ఘోడాగులి" అనే కలకత్తా గాయక బృందం కథ అర్థం కాదు. 1975లో పుట్టి, 1981లో చెదిరి, 1995లో మరల వినవచ్చిన బృందమిది. తొలిరాకలో దానిని ఆదరించినవారు కొద్దిమంది. మలిరాకలో వంగభాష మాట్లాడే యువకులందరూ దానిని తమ పాట అనుకొన్నారు. మారినది బృందమా, వినేవారా అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు.

పేరునుండి మొదలుపెట్టటం మంచిది. ఆ మాటలకు మహీనుని గుర్రాలు అని అర్థం. ఈ గుర్రాలు జీవనానంద దాస్ కవిత్వపు పచ్చికబయలు నుండి వచ్చినవి. 1948లో వెలువడిన "సాత్‌టి తారార్ తిమిర్" అనే ఆయన సంపుటిలో "ఘోడా" అని ఒక చిన్న కవిత ఉన్నది. వెన్నెలలో మేత మేసే గుర్రాలు, వాటి వెనుక లెక్కకందని ప్రాచీన కాలం, వాటికి చేరువలోనే వర్తమాన ప్రపంచపు సందడి: అందులోని సామగ్రి ఇంతే. మహీనుడెవరో కవి చెప్పడు. జీవనానందునికి బ్రతికి ఉండగా దక్కిన పాఠకులు తక్కువ. 1954లో ట్రామ్ క్రింద పడి మరణించిన మరుసటి సంవత్సరం ఆయన "శ్రేష్ఠ కవిత"కు సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. ఆ కవి నుండి పేరు తెచ్చుకొన్న బృందానికి ఆయన జాతకం కూడ కొంత అంటుకొన్నదని కలకత్తావారు అనుకొంటే తప్పు పట్టనక్కరలేదు.

1970 ప్రాంతపు కలకత్తాలో పాట నడవటానికి ఏర్పడిన బాటలు మూడు. ఒకటి రవీంద్ర సంగీతం. దాని హక్కులు విశ్వభారతి చేతిలో ఉండేవి. 2001 చివర ఆ హక్కులు తీరేవరకు, రికార్డుకెక్కే ప్రతి పాటకు ఆ సంస్థ సంగీత మండలి ఆమోదం కావలసి ఉండేది. దేవవ్రత విశ్వాస్ అంతటి గాయకుడు వాద్యాల వాడకం విషయంలో, పాడే తీరు విషయంలో ఆ మండలితో పొసగక రవీంద్రుని పాటలు రికార్డు చేయటమే మానుకొన్నాడు. రెండవ బాట "ఆధునిక గాన్" అని పిలువబడే లలితగీతం, దానికి తోడబుట్టిన సినిమా పాట. హేమంత ముఖోపాధ్యాయ, మన్నా డే వంటివారి కంఠాలలో అది మధురమైనదే. అయితే అక్కడ పాట వ్రాసేవారు ఒకరు, వరుస కట్టేవారు మరొకరు, పాడేవారు వేరొకరు. మూడవది గణనాట్య సంఘం నాటినుండి వచ్చిన బృందగానం. తెలుగునాట ప్రజానాట్యమండలి పాటలు ఎరిగినవారికి దాని స్వభావం వేరుగా చెప్పనక్కరలేదు. తన పట్నాన్ని, తన దిగులును, తన వెక్కిరింతను తానే పాట కట్టి, నలుగురు స్నేహితులతో కలిసి తానే వాయించి పాడుకోదలచిన యువకునికి ఈ మూడు బాటలలో దేనిమీదను చోటు లేదు.

గౌతమ్ చట్టోపాధ్యాయ అట్టి యువకుడు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొన్నాడు. నక్సల్బరీ ఉద్యమంలో కలిసి జైలుకు వెళ్ళినాడు. విడుదలైన పిమ్మట కొంతకాలం మధ్యప్రదేశ్‌లో గడిపి కలకత్తాకు తిరిగివచ్చినాడు. తమ్ములు ప్రదీప్, విశ్వనాథ్, బంధువు రంజన్ ఘోషాల్, మిత్రులు తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ, ఆబ్రహాం మజుందార్ ఆయనతో చేరినారు. సప్తర్షి అని మొదట ఒక పేరు అనుకొన్నారట. గుర్రాల పేరు సూచించినది రంజన్. వయొలిన్, గిటారు, శాక్సఫోన్, డ్రమ్ములు ఒకవైపు, బావుల్ ఫకీర్ల పాటనుండి తెచ్చుకొన్న ఊపు మరొకవైపు, నడుమ జాజ్ సంగీతపు మలుపులు. విదేశీ వరుసకు వంగపదాలు అతికించటం అంతకుముందు కూడ ఉన్నది. వీరు చేసినది అది కాదు. బావుల్ పాటలోని తిరుగుబోతుతనాన్ని ట్రామ్ పట్టాల మీద నడిపించవచ్చునని వీరికి తోచినది.

1977, 1978, 1979 సంవత్సరాలలో ఒక్కొక్కటిగా మూడు చిన్న రికార్డులు వెలువడినవి. మొదటిదాని పేరు "సంవిగ్న పాఖికుల్ ఓ కలకత్తా విషయక్". కలత చెందిన పక్షులను గూర్చి, కలకత్తాను గూర్చి అని దాని తాత్పర్యం. పరిశోధన వ్యాసానికి పెట్టదగిన ఈ శీర్షికను పాటల రికార్డుకు పెట్టటంలోనే ఒక కొంటెతనం ఉన్నది. అందులోని "హాయ్ భాలోబాసి" అనే పాట ఇష్టమైన వస్తువులను, వ్యక్తులను వరుసగా చెప్పుకొంటూ పోతుంది. ఐరోపా చిత్రకారుడు, సంగీతకర్త, ఇక్కడి సితార్ విద్వాంసుడు ఒకే పంక్తిలో కూర్చుంటారు. ఇంత ప్రీతి ఉండి కూడ తీరని వెలితి ఏదో చివరకు మిగులుతుంది. ఆ తరం చదువుకొన్న యువకుని మనఃస్థితిని ఇంత తక్కువ మాటలలో చెప్పిన వచన రచనలు కూడ అరుదు.

అయినను ఆ మూడు రికార్డులను తరువాతి కీర్తి వెలుగులో చూసి, అన్నియు పరిపూర్ణమైనవని చెప్పటం న్యాయం కాదు. వాటిలో చాలచోట్ల ఆలోచన ముందు నడుస్తుంది, పాట ఆయాసపడుతూ వెంట వస్తుంది. వినేవాడు తోడు వస్తాడన్న నమ్మకం ఆ పాటలకు లేదు. అందువలన వాడు రాకపోయినా ఫరవాలేదన్నట్లు తల ఎగురవేసి నడుస్తవి. పరాయి ఇంట మాట పడుతుందేమోనని ముందుగానే బిగుసుకొని కూర్చున్న అతిథి వంటి పాటలు అవి. ఆ బిగువుకు కారణం లేకపోలేదు. గిటారు పట్టి వంగపదం పాడటం సంస్కృతికి చేటు అనే మాట ఆనాడు తరచుగా వినబడేది. 1981 నాటికి ఎవరి బ్రతుకు తెరువు వారిని వేరువేరు దిక్కులకు లాగినది, బృందం చెదిరినది. గౌతమ్ చలనచిత్రాల వైపు వెళ్ళి 1983లో తీసిన "నాగమతి"కి ఉత్తమ వంగభాషా చిత్రంగా జాతీయ బహుమానం అందుకొన్నాడు.

బృందం మౌనంగా ఉన్న పదునాలుగేండ్లలో వినేవారి చెవి మారినది. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ "తోమాకే చాయ్" అనే పాటల సంపుటితో వచ్చి, ఒక్క మనిషి, ఒక్క గిటారు, పట్నపు మాట ఉంటే చాలునని నిరూపించినాడు. వెంటనే నచికేత, అంజన్ దత్ వచ్చినారు. టేపు క్యాసెట్టు చౌక కావటంతో రికార్డు కంపెనీల పెద్దరికం కొంత సడలినది. సుమన్ పాట కలకత్తాకు కొత్త అనిపించినప్పుడు, ఇట్టిది పదిహేనేండ్ల క్రిందటనే విన్నామని జ్ఞాపకం చేసినవారు ఉన్నారు. చేతినుండి చేతికి మారిన అరిగిన రికార్డులు అంతవరకు ఆ పాటలను బ్రతికించినవి.

1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో "ఆబార్ బఛర్ కుడి పరే" విడుదలైనది. మరల ఇరవై ఏండ్ల తరువాత అని ఆ పేరుకు అర్థం; ఇదియును జీవనానందుని కవితనుండి తీసుకొన్నదే. పాటల క్యాసెట్టు పుస్తకాల అంగళ్ళ నడుమ, పాటల పాఠమున్న చిన్న పుస్తకంతో సహా అమ్ముడుపోవటం విశేషం. అంతకన్న విశేషం దానిమీద ఉన్న ఒక్క మాట: "సంపాదిత". ఇది మహీనుని గుర్రాలు పాడిన సంపుటి కాదు, అవి సంపాదకత్వం వహించిన సంపుటి. పాత పాటలు కొన్ని, కొత్తవి కొన్ని. పాడినవారిలో గౌతమ్, ఆయన మిత్రులతో పాటు నిన్నమొన్న గిటారు పట్టిన పిల్లలు కూడ ఉన్నారు.

వంగసాహిత్యం ఎరిగినవారికి ఈ పద్ధతి ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. అది లిటిల్ మాగజైన్ పద్ధతి. కలకత్తాలో ఒక కవి పేరు స్థిరపడగానే చేసే మొదటి పని తన సంపుటం అచ్చు వేసుకోవటం కాదు, తనకంటె చిన్నవారి కవితలు కూర్చి పత్రిక నడపటం. సంపాదకుని అభిరుచి ఆ పత్రిక అంతటా కనబడుతుంది, ఆయన రచన మాత్రం ఒక పుటలోనే ఉంటుంది. గౌతమ్ ఈ ఆచారాన్ని పాటలోకి తెచ్చినాడు. ఇరవై ఏండ్ల క్రిందట వరుసలోను, వాద్యంలోను ఉన్న ప్రయోగం ఇప్పుడు కర్తృత్వంలోకి మారినది. బృందం అంటే ఏడుగురు మనుషులు కాదు, ఒక రకమైన వినికిడి అని ఆ క్యాసెట్టు చెప్పినది. వయసు మళ్ళిన బృందాలు తిరిగివచ్చినప్పుడు సాధారణంగా పాత పాటనే పాత గొంతుతో పాడబోయి ఆయాసపడటం చూస్తాము. ఇక్కడ ఆ ప్రమాదం తప్పటానికి కారణం ఈ పద్ధతియే.

సంపుటిలోని వెచ్చదనం కూడ అక్కడనుండి పుట్టినదే. గిటారు ముందుకు వచ్చినది, వరుసలు నోటికి పట్టే విధంగా సాఫీ అయినవి, పల్లవి దగ్గర నలుగురి గొంతులు కలుస్తవి. తొలి రికార్డులలో వినబడిన ఆ బిగువు సడలినది. అయితే మాట పలుచబడలేదు. "పృథివి" అనే పాటను చూడవచ్చును. ఆ ప్రాంతాలలోనే ఉపగ్రహాల టెలివిజన్ మధ్యతరగతి ఇండ్లలోకి వచ్చి కూర్చున్నది. ప్రపంచం కుంచించుకొని గదిలోని పెట్టెలో ఇమిడిపోతుండగా ఇద్దరు మనుషుల నడుమ ఎడం పెరిగిపోతున్నదన్న ఊహ ఆ పాటకు ఆధారం. ఈ మాటనే 1977 నాటి బృందం చెప్పి ఉంటే ఎత్తిపొడుపుగా చెప్పి ఉండేది. 1995లో అది నిద్రపుచ్చే వరుసలో వచ్చినది. పాడుకొనేవాడు సగం దూరం పాడిన తరువాత గాని తాను పాడుతున్నది దుఃఖమని తెలుసుకోడు.

ఆ పాటకు పట్టిన తరువాతి గతి చెప్పుకోదగినది. 2006లో అనురాగ్ బసు హిందీ చిత్రం "గ్యాంగ్‌స్టర్"లో ప్రీతమ్ సంగీతాన "భీగీ భీగీ" అనే పాటగా ఆ వరుస మరల వినబడినది. పాడినవాడు ఢాకా నగరపు రాక్ గాయకుడు జేమ్స్. కలకత్తా వరుస, బంగ్లాదేశ్ కంఠం, బొంబాయి మాట. ఉపఖండంలో పాటకు సరిహద్దులు లేవనటానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు. కానీ ఆ ప్రయాణంలో జారిపోయినది మాటయే. చిన్నదైన ప్రపంచం పోయి, తడిసిన రాత్రులు, విరహం వచ్చినవి. హిందీ పాట చెడ్డదని కాదు, జేమ్స్ గొంతులోని గరుకుదనం ఆ వరుసకు నిజంగా అమరినది. అయినను, మూలం ఎరిగిన చెవికి అది ఇల్లు అద్దెకు ఇచ్చినట్లు వినబడుతుంది: గోడలు అవే, లోపలి మనుషులు వేరు. అనువాదం చేసేవారికి ఇది పరిచితమైన బాధ. అక్కడ అర్థం వచ్చి లయ పోతుంది, ఇక్కడ లయ వచ్చి అర్థం పోయినది.

సంపాదక పద్ధతికి దాని దోషం దానికి ఉన్నది. 1996లో "ఝరా సమయేర్ గాన్", 1997లో "మాయా", ఆ పైన "ఖ్యాపార్ గాన్" అదే తీరుగా వచ్చినవి. పత్రిక నాలుగవ సంచికకు వచ్చేసరికి కనబడే లక్షణాలే వాటిలోను కనబడుతవి. మంచి పాట ప్రక్కన మర్యాదకు చేర్చిన పాట ఉంటుంది. పిల్లలలో కొందరు గౌతమ్ గొంతునే అనుకరిస్తారు. మొదటి రికార్డులలోని వింత పోకడ, వినేవానిని ఒక క్షణం తికమక పెట్టే ఆ మలుపు, క్రమంగా అరుదైనది. ప్రేమింపబడటం కొరకు చెల్లించిన మూల్యం ఇది అని కఠినంగా అనే విమర్శకుడు ఉండవచ్చును. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. కానీ "ఆబార్ బఛర్ కుడి పరే"కు అది వర్తించదు. ఆ ఒక్క సంపుటిలో వింత, వెచ్చదనం రెండును ఒకదానినొకటి చెరపకుండ నిలిచినవి. తొలి మూడు రికార్డులను ఈనాడు వినేవారు కూడ దాని గుండానే వెనుకకు నడిచి వాటిని చేరుకొంటున్నారు.

గౌతమ్ 1999 జూన్ 20న మరణించినాడు. అప్పటికి ఆయన అస్సాంలోని కార్బీ ప్రజలను గూర్చిన చిత్రం పనిలో ఉన్నాడు. రంజన్ ఘోషాల్ 2020లో, తాపస్ దాస్ 2023లో వెళ్ళిపోయినారు. తాపస్ చివరివరకు చిన్నవారితో కూడి "మహీన్ ఎఖన్ ఓ బంధురా" అనే పేరుతో ఆ పాటలు పాడుతూనే ఉన్నాడు. ఇప్పటి మహీనుడు, మిత్రులు అని ఆ పేరుకు అర్థం. జీవనానందుని కవితలో ఎన్నడును ఎదుటకు రాని ఆ యజమానిని చివరకు ఒక పాటగాడు తన వేదిక మీదకు పిలిచి, ప్రక్కన నిలుపుకొన్నాడు.