ఈకల బంతుల అలన్

గోల్ఫ్ ఆడి, ఆ ఆటకు కావలసిన సరుకు చేసి అమ్మి బతికిన తొలితరంలో అలన్ రాబర్ట్‌సన్ పేరే ముందు చెబుతారు. 1815లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టాడు. తాతదీ తండ్రిదీ బంతుల పనే.

ఒళ్లు హూనం చేసే పని అది. తోలు ముక్కలు కలిపి కుట్టి, తిరగేసి, చిన్న కంత వదులుతారు. ఒక పెద్ద టోపీకి నిండుగా వచ్చే ఈకలను ఉడికించి, తడి మీదే ఇనుప పుల్లతో ఆ కంతలోంచి కూరాలి. చేతిబలం చాలదు, పుల్ల పిడిని రొమ్ముకు ఆనించి నెట్టాలి. ఆరేకొద్దీ లోపల ఈకలు ఉబ్బుతాయి, పైన తోలు బిగుస్తుంది, బంతి గట్టిపడుతుంది. రోజంతా కూర్చుంటే మనిషికి మూడో నాలుగో! అయినా 1844లో అలన్ కొట్టు నుంచి 2,456 బంతులు బయటికొచ్చాయి.

1848 ప్రాంతంలో గటాపర్చా అనే చెట్టుపాలతో చేసిన చవక బంతి వచ్చింది. అలన్ మండిపడ్డాడు. తన దగ్గర పని నేర్చిన టామ్ మోరిస్ దాంతో ఆడాడని తెలిసి ఇద్దరికీ చెడింది. మొండితనమే, కాదనలేం, కానీ పొట్టకొట్టే సరుకును ఎవరు మెచ్చుకుంటారు? చివరికి తనూ దారికొచ్చి ఆ బంతులే చేశాడు.

1858లో సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానాన్ని 79 దెబ్బల్లో ముగించాడు. అంతకుముందు అక్కడ 80 లోపు ఎవరూ ఆడలేదు.

మరుసటి ఏడు పచ్చకామెర్లతో పోయాడు. ఇక అతని తర్వాత మేటి ఎవరో తేల్చాలిగా! 1860లో ప్రెస్ట్‌విక్‌లో తొలి ఓపెన్ పోటీ పెట్టారు. గెలిచింది విల్లీ పార్క్. రెండోస్థానం టామ్ మోరిస్‌ది.