చారల పలక వైపు ఒక వేలు

న్యూయార్క్ సబ్‌వేలో రైలు ఆగగానే మధ్య బోగీ కిటికీలోంచి ఒక తల, వెంటనే ఒక చెయ్యి బయటికొస్తాయి. ఎదురుగా ప్లాట్‌ఫారం మీద నలుపు తెలుపు చారల పలక వేలాడుతుంటుంది. కండక్టరు దాన్ని వేలితో చూపించాకే తలుపులు తెరవాలి. పలక సరిగ్గా ఎదురుగా ఉందంటే రైలు మొత్తం ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టే. ఏ తలుపూ సొరంగంలోకి తెరుచుకోదు.

చూస్తే సరిపోదా, చూపించడమెందుకు? అలవాటుపడ్డ కన్ను చూడకుండానే చూశాననుకుంటుంది. వేలు ఎత్తాలంటే మనసు కూడా అక్కడికి రావాల్సిందే. జపాన్ రైల్వేల నుంచి నేర్చుకున్న ఈ పద్ధతి ఇక్కడ 1996 నుంచి అమల్లో ఉంది.

తలుపులు మూశాకా పని అయిపోదు. రైలు కదులుతుంటే కిటికీలోంచి అటూ ఇటూ చూస్తూ, ఎవరి సంచో, కోటు అంచో ఇరుక్కుందేమో కనిపెట్టాలి. 1904లో మొదలైన ఈ సబ్‌వే ఇప్పుడు 472 స్టేషన్లతో రాత్రింబవళ్లు నడుస్తోంది. అర్ధరాత్రి డ్యూటీ దిగి కునికిపాట్లు పడే నర్సుకీ, హోటల్ వంటవాడికీ ఈ వేలి సంగతి పట్టదు. పొరపాటు జరగని పనికి చప్పట్లు ఉండవు మరి. న్యూయార్క్‌లో ఉన్న మనవాళ్లు ఈసారి ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి చూడండి. వీలైతే ఓ చిరునవ్వు నవ్వండి.